పై చదువుకు ఏ రాష్ట్రం? అలీగఢ్, ఢిల్లీ, మద్రాసు, హైదరాబాదు దారుల చరిత్ర

సావనీరు కమిటీవారు ఈ ఏడు కూడా ఒక చరిత్ర వ్యాసం వ్రాయమని అడిగారు. నేను ఉర్దూ మీడియం స్కూల్లో సోషల్ చెప్పుకునే మాస్టర్ని. ఇంట్లో దక్కనీ, బడిలో ఉర్దూ, బజారులో తెలుగు, ఇదీ మన కడప వాళ్ళ సంగతి. కాబట్టి నా తెలుగులో ఎక్కడైనా తప్పు దొర్లితే పెద్దలు మన్నించాలి.

ఈ ఏడు పరీక్షా ఫలితాలు వచ్చిన తరువాత మన సభ్యులలో ఒకరు తన కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. అమ్మాయికి రెండు చోట్ల సీటు దొరికింది. ఒకటి అలీగఢ్‌లో, ఇంకొకటి చెన్నైలో. తండ్రి రెండు కాగితాలూ నా ముందు పెట్టి, "మాస్టర్ సాబ్, ఈ రెంటిలో ఏది మన వాతావరణం? అది చెప్పండి చాలు" అన్నారు.

వారికి టీ ఇచ్చాను గాని జవాబు ఇవ్వలేకపోయాను. ఎందుకంటే ఇదే ప్రశ్నకు 12 ఏళ్ళ కిందట నేను చాలా తొందరగా జవాబు చెప్పాను. ఆ కుర్రవాడు ఒక టైలరు కొడుకు. నా క్లాసులో ఉర్దూలో మొదటివాడు. ఉత్తరాదిలోని ఒక యూనివర్సిటీలో సీటు వస్తే, "కళ్ళు మూసుకుని పంపండి, అక్కడ ఉర్దూ వుంది, అందరూ మనవాళ్ళే" అని వాళ్ళ నాన్నకు చెప్పాను. ఆయన వున్న రెండు కుట్టుమిషన్లలో ఒకటి అమ్మి పంపించారు. డిసెంబరు నెలలో కుర్రవాడు పెట్టె తీసుకుని తిరిగి వచ్చేశాడు. మెస్సులో రొట్టె వడ్డించబోతే "నక్కో" అన్నాడట. ఆ పూట నుండి హాస్టల్లో అతని పేరే "నక్కో" అయిపోయింది. రెండు పూటలా రొట్టె, అన్నం లేదు. కప్పుకోవడానికి రజాయి లేదు. అన్నిటికంటే, తనకు బాగా వచ్చుననుకున్న ఉర్దూలో నోరు విప్పడానికే సిగ్గుపడిపోయాడు.

తప్పు ఆ యూనివర్సిటీది అని నేను అనను. తప్పు నాది. మతం ఒకటే, భాష పేరు ఒకటే కదా అని ప్రాంతం కూడా ఒకటే అనుకున్నాను. ఆ తరువాతే మనవాళ్ళు పై చదువులకు ఏయే దారుల్లో వెళ్ళారో శ్రద్ధగా చదివాను. చదివి తెలుసుకున్నది ఇక్కడ వ్రాస్తున్నాను.

పరాయి రాష్ట్రం అంటే ఏది?

ముందు ఈ మాట తేల్చుకోవాలి. మన జిల్లాలు ఒకప్పుడు నిజాం కిందవి. 1800లో నిజాం వీటిని కుంఫిణీవారికి ఇచ్చివేశాడు. అందుకే దత్తమండలాలు అన్న పేరు వచ్చింది. అప్పటి నుండి మన రాజధాని మద్రాసు, హైదరాబాదు పరాయి సంస్థానం. మద్రాసు యూనివర్సిటీ 1857లో పుట్టింది. 1871 నాటికి మద్రాసు రైలు మార్గం మన కడప మీదుగా రాయచూరు చేరి బొంబాయి మార్గంతో కలిసింది. రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి మద్రాసు. కనుక మన తాతలకు పై చదువు అంటే మద్రాసే. 1926లో ఆంధ్రా యూనివర్సిటీ వచ్చినా, మనవాళ్ళ చూపు చాలా కాలం మద్రాసు వైపే వుండేది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ ఒక్క రోజుతో మద్రాసు మనకు పొరుగు రాష్ట్రం అయిపోయింది. 1954లో తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ వెలిసింది. 1956లో హైదరాబాదు మన రాజధాని అయింది. మళ్ళీ 2014 జూన్ 2న ఆ హైదరాబాదే పొరుగు రాష్ట్రానికి వెళ్ళిపోయింది. పదేళ్ళ పాటు అక్కడి కాలేజీల్లో పాత పద్ధతినే సీట్లు ఇచ్చారు. 2024 జూన్‌తో ఆ గడువు కూడా తీరిపోయింది.

చూశారా? ఊళ్ళు ఎక్కడివి అక్కడే వున్నాయి. గీతలే మారాయి. కాబట్టి "పరాయి రాష్ట్రం" అన్న మాట విని భయపడనక్కరలేదు. అయితే గీత లేనంత మాత్రాన పద్ధతులు ఒకటేనని అనుకోనూ కూడదు. రెండూ గుర్తుంచుకోవాలి.

అలీగఢ్ ఎలా తయారైంది

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1869-70లో ఇంగ్లండు వెళ్ళి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ చూసి వచ్చారు. పిల్లలు ఒకే ఆవరణలో వుండి, కలిసి తిని, కలిసి ఆడి, కలిసి చదివే పద్ధతి ఆయనకు నచ్చింది. 1875లో అలీగఢ్‌లో మద్రసా మొదలుపెట్టారు. 1877లో మహమ్మదన్ ఆంగ్లో ఓరియంటల్ కాలేజీకి శంకుస్థాపన జరిగింది. 1920లో అది యూనివర్సిటీ అయింది.

అక్కడ పాఠం ఒక వంతు అయితే హాస్టలు జీవితం మరో వంతు. నమాజుకు హాజరు, భోజనశాలలో వరుసగా కూర్చోవడం, క్రికెట్, యూనియన్‌లో చర్చలు, షేర్వానీ. సీనియర్‌కు సలాం ఎలా చేయాలి, పెద్దల ముందు ఎలా మాట్లాడాలి అన్నదానికి కూడా ఒక పద్ధతి ఏర్పడింది. ఇదంతా ఎక్కువగా ఢిల్లీ, లక్నో వైపు షరీఫ్ కుటుంబాల తహజీబు. ఆ ఇళ్ళ పిల్లలకు అది ఇంటి అలవాటే. బయటి పిల్లలకు నేర్చుకోవలసిన పాఠం. అందులో అవమానం ఏమీ లేదు, కాని ముందుగా తెలిసి వుండాలి. ఇంకొక సంగతి. ఆ కాలేజీ ముస్లిం పిల్లలకే పరిమితం కాలేదు. తొలి పట్టభద్రుడు ఈశ్వరీ ప్రసాద్ అనే హిందూ విద్యార్థి.

అమ్మాయిల సంగతి కూడా చెప్పాలి. 1906లో షేక్ అబ్దుల్లా, ఆయన బేగం వహీద్ జహాన్ అలీగఢ్‌లో ఆడపిల్లల బడి పెట్టారు. ఎన్నో మాటలు పడ్డారు. ఆ బడే పెరిగి ఉమెన్స్ కాలేజీ అయింది. యూనివర్సిటీకి మొదటి చాన్సలర్ కూడా ఒక మహిళే, భోపాల్ బేగం సుల్తాన్ జహాన్.

అలీగఢ్ దక్కనుకు వచ్చిన కథ

మనం అక్కడికి పోవడమే కాదు, అక్కడివాళ్ళు మన వైపు రావడం కూడా జరిగింది. సాలార్‌జంగ్ మొదటివారి కాలంలో ఉత్తరాది నుండి చదువుకున్నవారిని హైదరాబాదు పిలిపించారు. మొహ్సినుల్ ముల్క్, వికారుల్ ముల్క్ నిజాం కొలువులో పెద్ద ఉద్యోగాలు చేశారు. తరువాత ఒకరి వెనుక ఒకరు అలీగఢ్ కాలేజీకి సెక్రటరీలు అయ్యారు. హైదరాబాదు సర్కారు ఆ కాలేజీకి ధన సహాయం చేసింది. అంటే అలీగఢ్ పునాదిలో దక్కను రూపాయి కూడా వున్నది. ఆ గేటు ముందు మన పిల్లలు తలవంచుకోనక్కరలేదు.

1880లలో హైదరాబాదులో సర్కారు భాష పారసీ నుండి ఉర్దూకు మారింది. ఏ ఉర్దూ? ఉత్తరాది ఉర్దూ. ఊరి జనం మాట్లాడే దక్కనీ మోటు మాట అయిపోయింది. ఉద్యోగాలు బయటివారికి, ఊరివారికి మిగులు అన్న అసంతృప్తి పెరిగింది. ముల్కీ, గైర్‌ముల్కీ తగాదా అక్కడే మొదలైంది. రెండు వైపులా ముస్లింలే. రెండు వైపులా ఉర్దూయే. అయినా తేడా వచ్చింది. మా టైలరు కొడుకు హాస్టల్లో పడిన బాధకు నూరేళ్ళ కిందటి మూలం ఇదే అని నాకు అప్పుడు అర్థమైంది.

అసలు దక్కనీ మోటు మాట కాదు. ఉత్తరాదిలో ఉర్దూ కవిత్వం పుంజుకోక ముందే ఇక్కడ గోల్కొండను 1580 నుండి 1612 దాకా ఏలిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా దక్కనీలో ఒక పూర్తి దీవాన్ వ్రాశాడు. 1720 ప్రాంతంలో వలీ దక్కనీ దీవాన్ ఢిల్లీ చేరినాకే అక్కడి కవులు పారసీ వదిలి ఈ భాషలో వ్రాయడానికి ఉత్సాహపడ్డారు. "నక్కో" మరాఠీ నుండి మన మాటలో కలిసింది. ఈ సంగతి ఆ కుర్రవాడికి తెలిసి వుంటే నవ్వినవాళ్ళకు నవ్వుతూనే జవాబు చెప్పి వుండేవాడు. క్లాసులో నేనే చెప్పలేదు. సిలబస్‌లో లేదని వదిలేశాను.

ఉస్మానియా

1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఏర్పాటు అయింది. సైన్సుతో సహా అన్నీ ఉర్దూలోనే చెప్పారు. పుస్తకాల కోసం 1917లోనే దారుల్ తర్జుమా పెట్టారు. సర్ సయ్యద్ మనుమడు రాస్ మసూద్ అప్పుడు హైదరాబాదు విద్యాశాఖ డైరెక్టరు. ఆయన 1922లో జపాన్ వెళ్ళి, అక్కడ సొంత భాషలో చదువు ఎలా చెబుతున్నారో చూసి పుస్తకం వ్రాశారు. తరువాత అలీగఢ్‌కు వైస్ చాన్సలర్ అయ్యారు. తాత కట్టిన కాలేజీలో ఇంగ్లీషు ముఖ్యం, మనుమడు నిలబెట్టిన యూనివర్సిటీలో ఉర్దూ ముఖ్యం. రెండూ చదువు కోసమే.

అయితే న్యాయంగా ఇంకొక మాట చెప్పాలి. సంస్థానంలో ఎక్కువమంది తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడేవారు. వారి పిల్లలకు సొంత ఊళ్ళోని ఉస్మానియా కూడా పరాయి భాష బడే. మనకు ఇల్లు అనిపించింది పక్కవాడికి పరాయి ఊరు కావచ్చును.

1938లో ఉస్మానియా హాస్టళ్ళలో వందేమాతరం పాడారని వందల సంఖ్యలో విద్యార్థులను బయటికి పంపించివేశారు. చదువు మధ్యలో ఆగిపోయింది. అప్పుడు నాగపూరు యూనివర్సిటీ వైస్ చాన్సలర్ కేదార్ వారికి తలుపు తెరిచారు. అలా వెళ్ళినవారిలో పి.వి. నరసింహారావు ఒకరు. పూనా, నాగపూరు చదువుల వల్ల మరాఠీ ఆయనకు పట్టుబడింది. తరువాత హరి నారాయణ ఆప్టే మరాఠీ నవలను "అబల జీవితం" పేరుతో తెలుగులోకి తెచ్చారు. విశ్వనాథవారి "వేయిపడగలు"ను హిందీలోకి తీసుకువెళ్ళారు. 1991లో దేశానికి ప్రధాని అయ్యారు. ఊరు వదలడం ఆయన కోరి చేసింది కాదు. కాని వెళ్ళిన చోట భాషను పరాయిదిగా చూడలేదు. సొంత భాషనూ వదలలేదు.

జామియా మిల్లియా

జామియా పుట్టింది అలీగఢ్‌లోనే, 1920 అక్టోబరు 29న. గాంధీజీ సహాయ నిరాకరణ పిలుపు విని, సర్కారు సొమ్ముతో నడిచే కాలేజీ వద్దని కొందరు ఉపాధ్యాయులు, విద్యార్థులు బయటికి వచ్చారు. మొదట డేరాల్లో పాఠాలు. 1925లో ఢిల్లీ కరోల్ బాగ్‌కు మారింది. 1935లో ఓఖ్లాలో శంకుస్థాపన చేసినప్పుడు మంత్రినో నవాబునో పిలవలేదు. బడిలో అందరికంటే చిన్న పిల్లవాడి చేత రాయి పెట్టించారు. జామియా పద్ధతి ఆ ఒక్క పనిలో కనపడుతుంది. అలీగఢ్‌ది షేర్వానీ అయితే జామియాది ఖద్దరు.

ఈ జామియాను నిలబెట్టిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ పుట్టింది మన హైదరాబాదులో, 1897లో. తండ్రి అక్కడ వకీలు. 1907లో తండ్రి పోయాక కుటుంబం తమ సొంత ఊరు కాయంగంజ్ వెళ్ళిపోయింది. ఇటావా బడిలో, అలీగఢ్‌లో, ఆ పైన జర్మనీలో చదివారు. 1926లో బెర్లిన్ నుండి డాక్టరేటుతో తిరిగి వచ్చి, జీతం సరిగా ఇవ్వలేని జామియాకు 29 ఏళ్ళ వయసులో వైస్ చాన్సలర్ అయ్యారు. 150 రూపాయలకు మించి జీతం తీసుకోకుండా 20 ఏళ్ళు పనిచేస్తామని ఆయనా, తోటి ఉపాధ్యాయులూ మాట ఇచ్చారు. 1948లో అలీగఢ్ కష్టకాలంలో అక్కడికి వైస్ చాన్సలర్‌గా వెళ్ళారు. 1967లో రాష్ట్రపతి అయ్యారు. అలీగఢ్ కాదని ఒకప్పుడు బయటికి వచ్చిన మనిషే తరువాత అలీగఢ్‌ను కాపాడవలసి వచ్చింది. కనుక ఈ యూనివర్సిటీ గొప్పదా, ఆ యూనివర్సిటీ గొప్పదా అని మనం టీకొట్టు దగ్గర తగవులాడుకోవడం దండగ.

మద్రాసు దారి

ఉత్తరాది సంగతి చెప్పి దక్షిణం మరిచిపోతే మన పెద్దలకు అన్యాయం చేసినవాళ్ళం అవుతాం. మద్రాసు చదువు ఇంగ్లీషుది, పరీక్షలది. అక్కడ తహజీబు గురించి ఎవరూ అడగరు, మార్కులు అడుగుతారు. సరోజినీ నాయుడు హైదరాబాదులో పుట్టి, 12 ఏళ్ళకే మద్రాసు మెట్రిక్యులేషన్‌లో మొదటి స్థానం తెచ్చుకున్నారు. హైదరాబాదు నిజాం కాలేజీ కూడా ఉస్మానియా వచ్చిన తరువాత చాలా కాలం దాకా మద్రాసు యూనివర్సిటీకే అనుబంధం.

తమిళ దేశంలో కూడా ఉర్దూ లేకపోలేదు. ట్రిప్లికేన్ వీధుల్లో ఆర్కాటు నవాబుల నాటి నుండి వున్నది. తోళ్ళ వ్యాపారం చేసే వాణియంబాడిలో వర్తకులు చందాలు వేసుకుని నడిపిన బడి 1919లో ఇస్లామియా కాలేజీ అయింది. కాని బస్సు బోర్డు తమిళంలో వుంటుంది. కూరగాయల బండి దగ్గర బేరం తమిళంలోనే. అక్కడ మన పిల్లల్ని ఎవరూ "మీ ఉర్దూ మోటు" అనరు. ఉర్దూయే రానివాళ్ళ మధ్య ఎలా బ్రతకాలి అన్నదే అక్కడి కష్టం.

మన పక్క జిల్లా కర్నూలు నుండి డాక్టర్ అబ్దుల్ హక్ మద్రాసు వెళ్ళారు. బాబా ఏ ఉర్దూ అనిపించుకున్న మౌల్వీ అబ్దుల్ హక్ వేరు, ఈయన వేరు. పిల్లలు తరచు పొరబడుతుంటారు. కర్నూలు అబ్దుల్ హక్ గారు మద్రాసులో విద్యావేత్తగా పేరు తెచ్చుకుని, తాను పొందింది తన ఊరికి తెచ్చారు. 1947లో కర్నూలులో ఉస్మానియా కాలేజీ వచ్చింది. 1951లో మద్రాసు న్యూ కాలేజీ స్థాపనలోనూ ఆయన చెయ్యి వున్నది. 2016లో కర్నూలులో పెట్టిన ఉర్దూ యూనివర్సిటీకి ఆయన పేరే పెట్టారు. బయటికి వెళ్ళిన ఒక్క మనిషి తిరిగి చూస్తే ఊరికి ఎంత మేలో దీన్నిబట్టి తెలుస్తుంది.

పంపే ముందు

ఈ చరిత్ర అంతా చదివాక నాకు తేలింది ఒక్కటే. మన వాతావరణం మొత్తంగా దొరికే యూనివర్సిటీ ఎక్కడా లేదు. అలీగఢ్‌లో భాష దగ్గర, తిండి దూరం, చలి దూరం. చెన్నైలో అన్నం దగ్గర, భాష దూరం. హైదరాబాదులో 1998లో మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ వచ్చింది. అక్కడ దక్కనీ దగ్గరే, కాని మనకు కావలసిన సబ్జెక్టు వుందో లేదో చూసుకోవాలి. ఏది దగ్గర అని కాదు, పిల్లవాడు ఏ దూరాన్ని దాటగలడు, దానికి మనం ఏం సిద్ధం చేశాం అని అడగాలి.

తల్లిదండ్రులకు నా సలహా ఇది. మొదట సబ్జెక్టు చూడండి, ఊరు తరువాత. పాఠం ఏ భాషలో, హాస్టల్లో మాట ఏ భాషలో, బజారులో ఏ భాషలో, మూడూ వేరువేరుగా కనుక్కోండి. ఖర్చు లెక్కలో ఫీజు ఒక్కటే వేయకండి. రెండువేల కిలోమీటర్ల పైచిలుకు రైలు ఛార్జీలు, స్వెటరు, రజాయి కూడా వేయండి. వెళ్ళే రెండు నెలల ముందు నుండే అక్కడి భాష కొంత నేర్పించండి. ఉత్తరాదికైతే సాఫ్ ఉర్దూ, చెన్నైకైతే తమిళ అక్షరాలు. అదే సమయంలో మన మాటకు వున్న చరిత్ర కూడా చెప్పి పంపండి. అది తెలిసిన పిల్లవాడిని నవ్వులు ఏమీ చేయలేవు.

ఆ తండ్రికీ కూతురికీ ఇవన్నీ చెప్పాను. అమ్మాయి అంతా విని, "సార్, నాకు కావలసిన సబ్జెక్టు అలీగఢ్‌లో వుంది. అక్కడికే వెళ్తాను" అన్నది. వాళ్ళ నాన్న ముఖంలో భయం పోలేదు. నిజం చెప్పాలంటే నాకూ పోలేదు.

అప్పుడు నేను చేయగలిగిన పని ఒకటి కనబడింది. ఆ టైలరు కొడుకు ఇప్పుడు మన ఊళ్ళోనే మొబైల్ షాపు నడుపుతున్నాడు. నేను కనిపిస్తే ఈనాటికీ లేచి నిలబడి సలాం చేస్తాడు. ఒక్కనాడూ నన్ను నిష్ఠూరమాడలేదు. అతన్ని పిలిపించి ఆ అమ్మాయితో మాట్లాడమన్నాను. మొదట సందేహించాడు. తరువాత వాళ్ళ నాన్న ఎదుటనే గంటసేపు చెప్పాడు. చలి ఎప్పుడు మొదలవుతుంది, మెస్సులో ఎలా అడగాలి, మొదటి నెల ఏడుపు వస్తే ఏం చేయాలి, ఇంటికి ఫోన్‌లో ఏం దాచకూడదు అన్నీ చెప్పాడు. చివర, "నక్కో అని అనకుండా వుండొద్దు. అను. నవ్వితే నువ్వూ నవ్వు" అన్నాడు. నేను చెప్పిన చరిత్రకంటే ఆ గంట ఆమెకు ఎక్కువ పనికి వచ్చింది.

సొసైటీ పెద్దలకు నా మనవి. మన ఊరి నుండి బయటి రాష్ట్రాలకు చదువుకు వెళ్ళినవారి వివరాలు ఒక రిజిస్టరులో వ్రాసి పెట్టించండి. చదువు పూర్తి చేసి వచ్చినవారివే కాదు, మధ్యలో తిరిగి వచ్చినవారివి కూడా. వారికి తెలిసినది ఏ ప్రాస్పెక్టస్‌లోనూ వుండదు. ప్రతి వేసవిలో ఒక ఆదివారం, కొత్తగా వెళ్ళే పిల్లల్నీ వారినీ మన ఆఫీసులో కూర్చోబెట్టండి. వీలైతే ఉత్తరాదికి వెళ్ళే ప్రతి పేద విద్యార్థికీ సొసైటీ తరఫున ఒక రజాయి ఇవ్వండి. మొదటిదాని ఖర్చు నేను ఇస్తాను.